ఫెలిసీ పొలంలో ఆఖరి కోత

ఫెలిసీ పొలాన్ని చంపింది ఆమె తమ్ముడు ఒనొరే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. నా ముందు, నూనె కొనే దలాలు ముందు వాడే ఒప్పుకున్నాడు. ఊళ్ళో కాఫీ అంగట్లో ఇంకో రకంగా మాట్లాడుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి చేతినిండా పని లేదు.

ఆ పొలం వాంతూ కొండకి ఇటువైపు, మా ఇంటికి పైన, గాలి తప్ప ఇంకేదీ నిలవని వాలులో ఉండేది. పెళ్ళయిన కొత్తలో నా భార్య ఫెలిసీ కొండమీద దానంతటది మొలిచిన లావెండర్ నుంచి గింజ దులుపుకొచ్చి నారు పోసింది. గింజ నుంచి వచ్చింది కాబట్టి ఏ దుబ్బూ ఇంకో దుబ్బులా ఉండదు. ఒకటి నలుపుకి దగ్గరైన నీలం, ఒకటి వెలిసిపోయిన నీలం, అక్కడక్కడ తెల్లది. ఒకటి ముందు పూస్తుంది, ఒకటి వెనక. అన్నిటినీ కలిపి బట్టీలో ఆవిరికి కాస్తే వచ్చే నూనెలో అవన్నీ ఉంటాయి. దాన్ని మేం అసలుది అంటాం.

కింద చదునులో అందరూ వేసింది సంకరం. అసలుదానికీ, కంచరగాడిదల గిట్టలకి పూసే ముతక రకానికీ పుట్టింది. గింజ కట్టదు. కొమ్మ విరిచి గుచ్చితే చాలు, దుబ్బులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు లేస్తాయి. నూనె మాత్రం ధారగా దిగుతుంది. కర్పూరం కంపు. బట్టల సబ్బులోకి, నేల తుడిచే నీళ్ళలోకి పోతుంది. ఒనొరేకి ఉన్నదంతా అదే.

ఫెలిసీ పోయిన మరుసటి వేసవి అది, పందొమ్మిది వందల అరవై ఆరు. జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం ఒనొరే భోజనానికి వచ్చాడు. నా కూతురు రోజీన్ సెనగల సూపు పెట్టింది. తల్లి పోయినప్పటినుంచి ఇల్లు ఆమే చూస్తోంది. పాతికేళ్ళు దాటలేదు, మాట మాత్రం తల్లికంటే పదును.

“బావా, ఆ పైపొలం సంగతి,” అన్నాడు ఒనొరే, రొట్టె తుంచుతూ.

“ముందు తిను.”

“తింటూనే అడుగుతున్నా. సాళ్ళు ఇరుకు. దుబ్బులు ఒకటి మోకాలెత్తు, ఒకటి జానెడు. కోత యంత్రం అందులో దిగదు. స్పెయిన్ కూలీలు రావడం మానేశారు. ఎవరు కోస్తారు?”

“ఇన్నాళ్ళూ ఎవరు కోశారో వాళ్ళే.”

“కోసినావిడ మట్టిలో ఉంది నాన్నా,” అంది రోజీన్.

నేను చెంచా కింద పెట్టాను.

“మీ అమ్మ గుండె ఆగి పోయింది. డాక్టరు చెప్పాడు.”

“ఎక్కడ ఆగింది? పొయ్యి దగ్గరా? మంచం మీదా? సాలు మధ్యలో, చేతిలో కొడవలితో. మోకాళ్ళకి గోనెపట్టా చుట్టుకుని పాకుతూ కోసింది ఆవిడ. నువ్వు చూళ్ళేదా?”

“చూశాను. పక్క సాల్లోనే ఉన్నాను.”

“ఉన్నావు. ఆవిడకంటే బాగా ముందు. వెనక్కి తిరిగి చూసేసరికి ఈగలు వాలాయి.”

“అరవకండి ఇద్దరూ,” అన్నాడు ఒనొరే. “బావా, ఆ పొలంలో సగం నాది, మా నాన్న ఇచ్చింది. సగం అక్కది, ఇప్పుడు దీనిది. కోర్టుకెక్కే మొహం కాదు నాది. ఒక మాట చెప్తా విను. ఈ యేడు కొయ్యి. ఒక్క దుబ్బు వదలకుండా మొత్తం కొయ్యాలి. నీ బట్టీలో నీ ఇష్టం వచ్చినట్టు కాచుకో. సెప్టెంబర్లో దలాలు వచ్చి వాసన చూసి అసలుది అని తీసుకున్నాడంటే, నువ్వు బతికున్నంతకాలం దాని జోలికి రాను. లేదంటే చలి ముదరకముందే దున్నేస్తాం. సాళ్ళు వెడల్పు చేసి సంకరం గుచ్చుతాం.”

“నేను కొయ్యలేననుకుంటున్నావు.”

“కొయ్యలేవనే అనుకుంటున్నా బావా. కొయ్యకపోతే నాకూ మంచిదే, నీకూ మంచిదే.”

నేను చెయ్యి చాచాను. వాడు పట్టుకున్నాడు. మా దగ్గర అంతకంటే కాగితం అక్కర్లేదు. రోజీన్ మాత్రం చెయ్యి కలపలేదు. గిన్నెలు తీసుకుని లేచింది.

జూలై ఎండలో ఒక్కణ్ణే మొదలుపెట్టాను. ఎడమచేత్తో గుప్పెడు కాడలు పట్టుకోవడం, కొడవలి మనవైపు లాగడం, భుజాన వేలాడే గుడ్డలో వేయడం. తేనెటీగలు కుట్టవు, వాటికి మనతో పని లేదు. నడుముకి మాత్రం మనతో పని ఉంటుంది. పొద్దెక్కేసరికి వేళ్ళు ముడుచుకుపోయేవి. ఒక్కో వేలూ రెండో చేత్తో విప్పుకునేవాణ్ణి.

వారం తిరక్కుండానే ఒక పొద్దున రోజీన్ తల్లి కొడవలి పట్టుకుని పక్క సాల్లోకి దిగింది.

“ఎందుకొచ్చావు?”

“నువ్వూ ఇక్కడే పడితే కిందదాకా మొయ్యడం నావల్ల కాదు. పోయినసారి మోసిన భుజం ఇంకా నొప్పే.”

“నేను పడను.”

“ఆవిడా అలాగే అంది.”

తను నాకంటే వేగంగా కోసేది. కావాలని నెమ్మది చేసి నా వరసలోనే ఉండేది. అది నాకు నచ్చలేదు.

కోత సగంలో ఉండగా లియోన్ నుంచి ఒకావిడ కారులో వచ్చింది. తెల్లటి చెప్పులు, పెద్ద టోపీ. మా కొండకింద పాతిల్లు కొనుక్కుని వేసవికి వచ్చేవాళ్ళలో ఒకరు. ఒనొరే ఆ రోజు మా మోపులు కిందికి దింపడానికి పొలం గట్టుమీదే ఉన్నాడు. రోడ్డు పక్కన బోర్డు పెట్టి కుండీల్లో మొక్కలు అమ్మేవాడు కూడా వాడే.

“ఏ లావెండర్ మంచిదండీ?” అంది ఆవిడ నాతో.

“దేనికి?”

“అన్నిటికీ. వాకిట్లో అందంగా ఉండాలి, నూనె తియ్యాలి, బిస్కెట్లలోకీ వాడాలి.”

“అన్నిటికీ పనికొచ్చేది దేనికీ పనికిరాదు. వాకిట్లో షోకుకి సంకరం పెట్టుకోండి. గుండ్రంగా, లావుగా, మీ కారంత పెరుగుతుంది. దారిన పోయేవాళ్ళు ఆగి ఫొటో తీసుకుంటారు. దానికి వేరే గుణం లేదు.”

ఆవిడ నవ్వాలా వద్దా తెలియక నిలబడింది.

“మరి ఆ చెవుల్లాంటి రేకులుండేది? సముద్రం పక్కన చూశాను, భలే ఉంది.”

“అది సముద్రం పక్కనే ఉంటుంది. ఇక్కడ మొదటి మంచుకి చస్తుంది. చచ్చాక మళ్ళీ వచ్చి నన్ను అడగకండి.”

“నూనెకి?”

“నూనె మీరు తియ్యలేరు. చేతులు చూస్తే తెలుస్తోంది.”

“మా బావ మాటలు పట్టించుకోకండమ్మా,” అన్నాడు ఒనొరే, టోపీ తీసి. “కొండగాలి మింగీ మింగీ అలా అయ్యాడు. వాకిట్లోకి నా దగ్గర చక్కటి కుండీలున్నాయి, రండి.”

ఆవిడ వెళ్ళబోతూ రోజీన్ని అడిగింది. “బిస్కెట్లకి ఇదే వాడొచ్చా పాపా, మీ మావయ్య అమ్మేది?”

రోజీన్ నడుం ఎత్తింది. కోసిన కాడ ఒకటి చూపించింది. సన్నగా, కొమ్మ లేకుండా, చివర ఒక్కటే కంకి.

“కాడ చూసుకోండి. ఇలా ఒంటికాడ అయితే తినొచ్చు. మేకపాల మీగడలో రెండు రేకలు నలిపి వెయ్యండి, చాలు. కాడ మధ్యలో ఇటొకటి అటొకటి కొమ్మ చీలి ఉందంటే అది సంకరం. వేశారంటే సబ్బు నమిలినట్టుంటుంది. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు తేడా.”

“ఎవరు నేర్పారు?”

“మా అమ్మ. చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే చక్కెర ముక్క మీద ఒక్క చుక్క వేసిచ్చేది. రెండో ముక్క కోసం నొప్పి తగ్గలేదని అబద్ధం చెప్పేదాన్ని.”

ఆ వేసవిలో రోజీన్ నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆవిడకి ఒక గుప్పెడు ఊరికే ఇచ్చింది. నేను అలా ఇచ్చేవాణ్ణి కాను.

ఆగస్టు నడిమికి కోత అయిపోయింది. ఒక్క దుబ్బు మిగల్లేదు. మోపులు నేలమీద ఆరబెట్టాం. ఫెలిసీ సంవత్సరీకం ముందురోజు బట్టీ శుభ్రం చేశాను. రాగి బానని సోడా వేసి మసిలించి కడిగాను. గొట్టాలగుండా వట్టి ఆవిరి వదిలాను. చివర కారే నీళ్ళు చేతిలో పట్టి వాసన చూశాను, ఏ వాసనా లేదు. రోజీన్ని చూడమన్నాను. లేదంది. ఆమె ముక్కు నాకంటే మంచిది. బట్టీలోంచి తీసిన పాత పిప్పినంతా బండికెత్తి కూరగాయల మడిలో చల్లించి, కుప్ప పోసే చోటు చీపురుతో ఊడ్చాను. ఆ యేడు ఆ నేల మీద మొదట పడేది ఫెలిసీ పిప్పే కావాలి. ఆమె ఉన్నప్పుడూ అదే పద్ధతి. సంకరం తర్వాత అసలుదాన్ని కడగని బానలో ఎవరూ వెయ్యరు. బానలో, గొట్టంలో, నూనె తేరుకునే తొట్టిలో అది పట్టుకుని కూర్చుంటుంది.

అదే సాయంత్రం ఒనొరే సంకరం నింపిన రెండు బళ్ళు తెచ్చి నా బట్టీ పాక కింద నిలబెట్టాడు.

“ఇవి ఇక్కడెందుకురా?”

“వాన వచ్చేలా ఉంది బావా. తడిస్తే బూజు పడతాయి. నీది అయ్యాకే నాది. ముట్టుకోను.”

“పాకంతా కంపు.”

“నీ బాన లోపల లేదుగా. పైన కంపుకి ఏమవుతుంది?”

ఇదీ వాడు చేసింది. గుర్తుపెట్టుకోండి.

పొద్దున్నే నేనూ ఒనొరే ఊళ్ళో గుడికి బయల్దేరాం, పూజకి. రోజీన్ బట్టీ పొయ్యి రాజేస్తూ ఉంది.

“నువ్వు రావా? మీ అమ్మ పూజ.”

“నిప్పు ఎవరు చూస్తారు? ఆవిడకి నేను ఇక్కడున్నా తెలుస్తుంది. వెళ్ళండి.”

పూజలో ఫాదరు ఫెలిసీ పేరు తప్పు చదివాడు. ఒనొరే నా పక్కనే మోకరించాడు, మొదటినుంచి చివరిదాకా. వాడి కోటు నిండా కర్పూరం. ధూపం వాసనని కూడా మింగేసింది. ఏడ్చాడు. నేను ఏడవలేదు. మేం తిరిగొచ్చేసరికి బాన మూత బిగించి ఉంది, గొట్టం వేడెక్కి ఉంది, నూనె సన్నగా దిగుతోంది.

“ఏం వేశావు?”

“అమ్మది,” అంది రోజీన్. ముఖం నిప్పు వేడికి ఎర్రగా ఉంది.

“నేను వచ్చేదాకా ఆగొచ్చుగా.”

“వాన ఆగదుగా.”

తర్వాతి బానలు నేనే ఎక్కించాను, పిప్పి మాత్రం రోజీనే వాకిట్లో పోసింది. ఫెలిసీ లావెండర్ అంతా కాగి ఒకే రాగి డబ్బాలోకి వచ్చింది. బట్టీ నుంచి దిగిన కొత్త నూనెని మా దగ్గర ఎవరూ వాసన చూసి తీర్పు చెప్పరు. అప్పుడు అది మాడు కంపు కొడుతుంది. మూత పెట్టి నేలమాళిగలో వదిలేయాలి. కొన్ని వారాలకి అది తనంతట తాను కుదుటపడుతుంది. నేను డబ్బా మీద చెయ్యి వేసి, మూత బిగించి, కిందికి దింపాను. మర్నాటి నుంచి ఒనొరే తన సంకరాన్ని కాచుకున్నాడు.

దలాలు గస్తీనెల్ సెప్టెంబర్లో వచ్చాడు. ఫెలిసీ నూనెని మా నాన్న కాలం నుంచి కొంటున్నవాడు. ఎప్పుడూ డబ్బా మూత తియ్యగానే కళ్ళు మూసుకుని, “ఫెలిసీ,” అనేవాడు, వేరే మాట లేకుండా. ఆ రోజు ఒనొరే కూడా ఉన్నాడు, మాట ప్రకారం. రోజీన్ ఇంట్లో ఉంది.

గస్తీనెల్ కాగితం పట్టీ నూనెలో ముంచాడు. గాల్లో ఊపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు. ఇంకో పట్టీ ముంచాడు.

“గ్రాతియెన్, ఇది ఏ డబ్బా?”

“మీ ముందున్నదే. ఒక్కటే ఉంది.”

“ఇందులో సంకరం ఉందండీ.”

“నోరు అదుపులో పెట్టుకోండి.”

“మీరే చూడండి. ఎక్కువ లేదు. ఉండటం మాత్రం ఉంది. దీన్ని అసలుది అని నేను తీసుకెళ్తే గ్రాస్ ఊళ్ళో అత్తరువాళ్ళు నన్ను గుమ్మంలోంచే పంపేస్తారు. సబ్బులోకైతే తీసుకుంటాను.”

నేను చూశాను. ముందు ఫెలిసీ వచ్చింది. ఆ తర్వాత, ఆమె వెనక నిలబడి, కర్పూరం.

పట్టీ అక్కడ పడేసి వాకిట్లోకి వెళ్ళాను. పిప్పి కుప్ప ఇంకా ఎవరూ ఎత్తలేదు. పంగలకర్ర తీసుకుని ఒక పక్కనుంచి కోశాను. బానలోంచి పిప్పి గట్టిగా బిళ్ళలా వస్తుంది. వేసిన వరసలోనే ఒకదానిమీద ఒకటి పడి ఉంటుంది. పైన ఉన్నదంతా కొమ్మలు చీలిన కాడలు, ఒనొరే తర్వాత కాచుకున్నవి. దానికింద ఒంటికాడలు, పొట్టిగా, సన్నగా. ఫెలిసీవి. దానికింద నేల ఉండాలి. నేను ఊడ్చిన నేల.

నేల లేదు. ఇంకో బిళ్ళ ఉంది. చీలిన కాడలు.

పంగలకర్ర పట్టుకునే వెనక్కి వచ్చాను. ఒనొరే గుమ్మంలో ఉన్నాడు.

“దొంగా! నా బానలో ముందు నీ చెత్త కాచావు. కడగకుండా నీ అక్కది దాని మీద పోశావు. సంవత్సరీకం రోజున!”

“బావా, ఆ కర్ర దించు.”

“కిందకి వచ్చి చూడరా. మూడు వరసలు. అడుగున నీది.”

గస్తీనెల్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఒనొరే కుప్పవైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పి వంటింటి కిటికీ వైపు చూశాడు. టోపీ చేతుల్లోకి తీసుకున్నాడు.

“సరే బావా,” అన్నాడు. “నేనే.”

“ఎప్పుడు చేశావు?”

“చేశానన్నాగా. ఎప్పుడైతే ఏంటి? దలాలుగారు విన్నారు, చాలదా? పొడుస్తావా, పొడు.”

పొడవలేదు. వాడి కోటు మీంచి ఆ కంపు కొడుతోంది, గుడిలో నా పక్కన మోకరించినప్పటిలాగే. మొదటినుంచి చివరిదాకా నా పక్కనే. నేను కర్ర గోడకి ఆనించాను.

గస్తీనెల్ ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. ఒనొరే నడిచి వెళ్ళాడు, తన వ్యాను ఇక్కడే మర్చిపోయి.

ఇంట్లోకి వెళ్ళాను. రోజీన్ బల్ల దగ్గర చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను చక్కెర డబ్బా దించాను. ఒక ముక్క తీశాను. దానిమీద ఆ నూనె ఒక చుక్క వేసి ఆమె ముందు పెట్టాను.

“తిను.”

ఆమె నా వైపు చూడలేదు. చేతులు గౌనుకి తుడుచుకుంది. ముక్క నోట్లో పెట్టుకుంది. చిన్నప్పుడు నమిలేది కాదు, కరగనిచ్చేది. ఇప్పుడూ అంతే, కరిగేదాకా ఊరుకుంది. ముఖం చిట్లించలేదు.

“తెలుస్తోందా?”

“తెలుస్తోంది నాన్నా.”

“అప్పుడు తెలియలేదా?”

“అప్పుడూ తెలుసు.”

ఇంకో మాట అడుగుతాననుకుంది. నేను అడగలేదు. తనే అంది, కాయలు వలుస్తూ.

“వచ్చే యేడు నువ్వు ఆ సాల్లోకి దిగేవాడివి. ఆ తర్వాతి యేడూ. అమ్మలా అక్కడే పడేదాకా దిగుతావు, నేను పక్కనుండి చూశాను.”

“అది నా ఇష్టం.”

“అమ్మదీ నీ ఇష్టమే అయింది. గింజ దులిపింది ఆవిడే, నిజమే. కింద చదునులోకి వెళ్ళిపోదాం గ్రాతియెన్ అని ఎన్నిసార్లు అడిగింది?”

“ఫెలిసీ నన్నెప్పుడూ అలా అడగలేదు.”

“నేను ఈ బల్ల దగ్గరే ఉన్నాను నాన్నా.”

“అడగలేదు,” అన్నాను. లేచి బయటికి వెళ్ళాను.

అడగలేదు.

మంచు పడకముందే దున్నారు. వేళ్ళు పైకి లేచి, తెల్లగా, వాలంతా ఎముకలు పరిచినట్టుంది. ట్రాక్టరు ఒనొరే నడిపాడు, వెనక రోజీన్ వేళ్ళు ఏరి కుప్పవేసి కాల్చింది. ఆ పొగ మా ఇంటిమీదికే వచ్చింది. నేను కిటికీలు మూశాను. వసంతంలో సంకరం గుచ్చారు, సాళ్ళు వెడల్పుగా. ఇప్పుడు జూలైలో వాలంతా ఒకే రంగు. కార్లు ఆగుతాయి, ఫొటోలు తీసుకుంటారు. రోజీన్ కోత యంత్రం మీద కూర్చుని కోస్తుంది. ఆమె మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నా గుండె కూడా బాగానే ఉంది, ఎవరూ అడగకపోయినా.

ఒకే బల్ల దగ్గర తింటాం. ఉప్పు అందివ్వమంటే అందిస్తుంది. నేను క్షమించానని ఎవరైనా చెప్తే అది అబద్ధం. చక్కెర డబ్బా నేను మళ్ళీ దించలేదు. రాగి డబ్బా నేలమాళిగలో ఉంది. అమ్మలేదు, పారబోయలేదు.

ఊళ్ళో అడిగినవాళ్ళకి ఒనొరే అని చెప్తాను. వాడు అక్కడే ఉంటే తల ఊపి, తన గ్లాసు ఖాళీ చేస్తాడు. బళ్ళు తెచ్చి నా పాక కింద నిలబెట్టింది వాడు. వాడి బళ్ళు లేకపోతే అడుగు వరస లేదు. కాబట్టి వాడే. ఇంకెవరి పేరూ నా నోట రాలేదు, రాదు. ఈ సంగతి ఇకమీద ఎవరి దగ్గరా ఎత్తను. మీరు కొండెక్కి వచ్చి అడిగినా చెప్పను. మా గుమ్మంలో, ఆమె వినేలా అడిగారంటే తలుపు వేసేస్తాను.